డెబ్భై ఒకటో గుర్రం

గుర్రాన్ని బండెక్కించి వేరే ఊరు చేర్చడానికి ఎంతవుతుందన్న ప్రశ్నకి మా రాజమండ్రిలో ఒకప్పుడు టీ చల్లారేలోగా జవాబు దొరికేది. ఆ జవాబు పేరు ఇస్సాకు.

ఇస్సాకుకి ఒక వ్యాను ఉంది. లోపల రెండు వైపులా పాత పరుపులు బిగించి, కింద కొబ్బరి పీచు పరిచి, గుర్రాల కోసమే తయారు చేయించుకున్నాడు. ముందు దూరం అడిగేవాడు. తిరుగు ప్రయాణంలో ఏదైనా తగులుతుందా, ఖాళీగా రావాలా అని గడ్డం గోక్కునేవాడు. ఇంకో గుర్రంతో జోడీ కడితే ఒప్పుకుంటారా అనేవాడు. ఒప్పుకుంటే ఖర్చు చెరిసగం. ఆపైన గుర్రం దగ్గరికి పక్కనుంచి వెళ్లి మెడ మీద చెయ్యి వేసేవాడు. అది చెవులు వెనక్కి పెడితే అయిదు వందలు ఎక్కువ. కాలెత్తితే వెయ్యి. చెయ్యి నాకితే టీ డబ్బులు తగ్గింపు.

"తన్నే గుర్రానికి రేటెక్కువేంటయ్యా? అది తన్నేది వ్యానునే కదా!" అని ఎవరైనా బేరం పెడితే, "రేకు పోతే మార్పిత్తానండి. మూతి పోతే మార్పించలేను గదండీ" అనేవాడు.

గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువ కాదని సామెత. ఇస్సాకు దగ్గర మాత్రం గుడ్డి గుర్రానికి ఛార్జీ తక్కువే. ఎదురొచ్చే లారీలని చూసి బెదరదని.

ఇంత సుఖంగా నడిచే వ్యవహారం ప్రభుత్వం కంట్లో పడకుండా ఎన్నాళ్లు దాక్కుంటుంది? ఒకే దూరానికి పక్కింటివాడి గుర్రానికి ఆరు వేలూ, తన గుర్రానికి ఏడు వేలూ తీసుకున్నాడని ఒక ఆసామికి మండింది. గుర్రం తంతే ఆసామి తంతి కొట్టాడని రాద్దును గానీ ఈ రోజుల్లో తంతి లేదు, మెయిలు కొట్టాడు. ఆ మెయిలు పైకి పోయి, పైనుంచి ఒక సంస్థ కిందికి దిగింది. పేరు అశ్వ రవాణా కమిషన్. పొట్టిగా అ.ర.క. పేరుకి అరకే, దున్నేది మాత్రం మమ్మల్ని.

సంస్థ పుట్టిన ముహూర్తంలో 'అంతా తెలుగులోనే' అన్న ఉత్సాహం ఊరేగుతోంది. మీటరుని మాపకం చేశారు, డ్రైవరుని చోదకుణ్ణి చేశారు. కమిషన్ అన్న మాటని మాత్రం వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. వాహన పత్రంలో హార్స్ పవర్ అన్న గడి ఒకటుంటుంది. దానికి 'అశ్వసామర్థ్యం' అన్నారు. గడి ఇరుకు, మాట పొడుగు. 'అశ్వ. సా.' అని కుదించారు. అచ్చువేసేవాడి దగ్గర దీర్ఘం రాలిపోయి 'అశ్వ. స.' అయింది. నియమావళి రాసినవారు దాన్ని విప్పి 'అశ్వ సంఖ్య' అని విస్తరించారు. తెలుగు మేస్టారినని ఆ అనువాద సంఘంలో నన్నూ కూర్చోబెట్టారు. మనవి చేసుకోవాల్సిందేమంటే, అప్పుడు నా దృష్టంతా వేయించిన జీడిపప్పు మీద ఉంది. పళ్లెం ఖాళీ అయ్యాక తలెత్తేసరికి తీర్మానం కూడా అయిపోయింది.

కమిషన్ అధ్యక్షులు ద్విభాష్యం లక్ష్మీపతిగారు. ఇంటిపేరులో రెండు భాషలున్నా ఒంట్లో ఉన్నది ఒకటే, ఫైలు భాష. ప్రారంభోత్సవంలో ఆయన ఇలా సెలవిచ్చారు: "ధర అనునది ఒక వ్యక్తి గడ్డము గోకుకొనుటపై ఆధారపడరాదు. ఇకమీదట గుర్రమునకు కిలోమీటరుకు పది రూపాయలు. ధనికునకైనా పేదకైనా, తన్నునదానికైనా నాకునదానికైనా ఒకటే."

చప్పట్లు కొట్టాం. బేరం పోయిందని సంతోషించాం. భారం వచ్చిందని తెలియడానికి నెల పట్టింది.

మా వీధిలో నూకరాజు ఉంటాడు. పెళ్లి ఊరేగింపులకి గుర్రం అద్దెకిస్తాడు. ఆ గుర్రం పేరు దొరసాని. పాలరాతి రంగు, పెళ్లికొడుకుల కన్నా నిదానం. అతని పొయ్యి వెలిగేదీ, పిల్లలు బడికెళ్లేదీ దాని నడుం మీదే. కిందటేడు అది ఈనినప్పుడు పిల్ల అడ్డం తిరిగి చచ్చిపోయింది, తల్లి చావు తప్పి బతికింది. మళ్లీ చూలు నిలిచి పదకొండో నెల నడుస్తోంది. పశువుల డాక్టరమ్మ మెహరున్నీసా కడుపు తడిమి చూసి, "నొప్పులు మొదలవకముందే విజయవాడ వైపు పెద్ద పశువుల ఆసుపత్రికి చేర్చెయ్యి నూకరాజూ. మళ్లీ అడ్డం తిరిగితే ఇక్కడ నా ఒక్క చెయ్యి చాలదు" అంది.

నూట యాభై కిలోమీటర్లు. పది చొప్పున పదిహేను వందలు. నూకరాజు పొంగిపోయాడు.

"ఇస్సాకూ, పదిహేను వందలంటగా!"

"నాకు డీజిలికే చాలదన్నయ్యా. అయినా దొరసాని కడుపుతో ఉంది, నేనేటి మాటాడతాను? ఆ కమీసనోళ్ల దగ్గర చీటీ రాయించుకొచ్చెయ్. చీటీ లేకుండా ఎక్కిత్తే బండి లాక్కుంటారు."

చీటీకి నన్ను తోడు తీసుకెళ్లారు. కిటికీ అవతల వనజాక్షి అనే గుమాస్తా కూర్చుని ఉంది. ఒక చేత్తో అరటిపండు తింటూ, రెండో చేత్తో సీలు వేస్తూ, రెండు చేతులూ ఎప్పుడూ కలవకుండా పనిచేసే నేర్పరి.

"ఎన్ని గుర్రాలండీ?"

"ఒకటేనమ్మా. నిండు చూలు" అన్నాడు నూకరాజు.

ఆమె వ్యాను కాగితం తిప్పి చూసింది. "ఇందులో డెబ్భై ఉన్నాయిగా?"

"డెబ్భై ఏటండి?"

"గుర్రాలు. అశ్వ సంఖ్య, డెబ్భై. ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. మీదొకటి కలిపితే డెబ్భై ఒకటి. పదిహేను వందల చొప్పున లక్షా ఆరు వేల అయిదు వందలు."

నూకరాజు నా మొహం చూశాడు. నేను ఇస్సాకు మొహం చూశాను. ఇస్సాకు బయటికెళ్లి వ్యాను కిందికి వంగి చూసి వచ్చాడు.

"అమ్మా, డెబ్భై గుర్రాలుంటే నేను స్టీరింగెందుకు తిప్పుతానండి? కోట కట్టుకుని రాజ్యం ఏల్దును!"

"నాకు చెప్పకు నాయనా. నేను కూడికలే చేస్తాను, కోటలు కట్టను. అధ్యక్షులవారిని కలవండి."

సవారీ అడగడానికి వెళ్లి సారీ చెప్పించుకున్నట్టయింది. లక్ష్మీపతిగారి గదిలోకి వెళ్లాం. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, లేని కళ్లజోడులోంచి మమ్మల్ని చూశారు.

"అయ్యా, ఇంజను బలాన్ని గుర్రాలతో పోల్చి చెబుతారండీ. అవి నిజం గుర్రాలు కావు" అన్నాను.

"పోల్చుటకైనను ఎదుట గుర్రములుండవలెను గదా? లేని గుర్రములతో ఎట్లు పోల్చిరి?"

"ఎక్కడా కనబడవు కదండీ!"

"కనబడకపోవుట చూచువాని లోపము మేస్టారూ. లేకపోవుటకు అది నిదర్శనము కాదు. మా సంస్థకు వచ్చిన నిధులు మాత్రము మీకు కనబడినవా? ఐనను ఉన్నవి, ఖర్చయినవి."

ఇస్సాకు ముందుకొచ్చాడు. "పోనీ ఇంజను ఆపేత్తే ఆ డెబ్భై ఏటవుతాయండి?"

లక్ష్మీపతిగారు నియమావళి తిరగేశారు. "నిద్రించుచున్నట్లు భావించబడును. నిద్రించు గుర్రమునకు సగము ధర."

"అవి పడుకుంటే బండెలా కదుల్తాదండి?"

"కదలిక మా పరిధి కాదు. మాది ధర మాత్రమే."

నాకు నోరు ఊరుకోదు. "నిద్రపోతే గుర్రు వినబడాలి కదండీ? గుర్రం అన్నాక గుర్రు పెట్టదా?" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "మంచి సూచన! వనజాక్షీ, వ్రాసికొనుము. గుర్రు పరీక్ష."

వేళాకోళం ఆఫీసులో ఆడరాదని ఆ రోజు తెలుసుకున్నాను. అక్కడ అది నియమం అయిపోతుంది. మర్నాటికే గుర్రు పరీక్షకి ఒక ఉప నియమం, దానికి ఒక ఫారం అచ్చయి వచ్చాయి. దానికి తోకగా మరో చిక్కు తగులుకుంది. ఆడగుర్రం ఒక్కదాన్ని డెబ్భై గుర్రాలతో కలిపి తరలించేటప్పుడు ఆ డెబ్భైలో మగవెన్ని, ఆడవెన్ని, వాటి నడవడిక ఎలాంటిది అన్న పత్రం జతచేయాలట.

"దొరసాని పరువు సంగతి వాళ్లకెందుకండీ?" అని నూకరాజు ఉడుక్కున్నాడు. "కడుపుతో ఉన్నదాని జోలికి ఇంజనెళ్తుందేటండి?"

"ఊరుకో అన్నయ్యా. నా బండి అలాంటిది కాదు" అన్నాడు ఇస్సాకు.

చివరికి అధ్యక్షులవారు తేల్చింది ఇది: శుక్రవారం ఉదయం వ్యానునీ దొరసానినీ కార్యాలయ ఆవరణలో హాజరుపరచాలి. పశువైద్యురాలు డెబ్భై ఒక్క గుర్రాల్నీ పరీక్షించి డెబ్భై ఒక్క ఆరోగ్య పత్రాలివ్వాలి. అప్పుడు ధర తగ్గింపు విషయం ఆలోచించబడును.

శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. ముందు దొరసాని కడుపు మీద చెయ్యి వేసింది. మొహం ముడుచుకుంది. "టైం లేదండీ. ఇవాళే బయల్దేరాలి" అంది.

"ముందు డెబ్భై. పిదప ఒకటి. వరుస తప్పరాదు" అన్నారు లక్ష్మీపతిగారు.

డాక్టరమ్మ పళ్లు నూరుకుంటూ వ్యాను బానెట్టు ఎత్తింది. రేడియేటరు మీద స్టెతస్కోపు ఆనించింది. పత్రం మీద ఇలా రాసింది: 'ఒకటి నుంచి డెబ్భై వరకు. నాడి దొరకలేదు. నాడా కూడా దొరకలేదు. ఒళ్లు కాలిపోతోంది. నీళ్లు పోయవలెను.'

వెటకారమని వేలెడంత పిల్లవాడికైనా తెలుస్తుంది. లక్ష్మీపతిగారు ఒకటికి రెండుసార్లు చదివి రెండడుగులు వెనక్కి వేశారు.

"డెబ్భైకీ జ్వరమా? అంటువ్యాధి! నియమము ఇరువది రెండు. పదునాలుగు దినములు వేరుగా నుంచవలెను. చూలు గుర్రమును వీటితో నెట్లు పంపుదును? నాకు మాత్రము హృదయము లేదా?"

నూకరాజు ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అయ్యగారూ, పద్నాలుగు రోజులా? అది పద్నాలుగు గంటలాగేలా లేదండి. దాని మొహం చూడండి ఒక్కసారి. కిందటేడు పిల్లని నా చేతుల్తో పాతిపెట్టానండి..."

అతని మాట పూర్తికాలేదు. వెనకాల దొరసాని ముందుకాళ్లు మడిచి, సంస్థవారు నాటిన క్రోటన్ మొక్కల మీద ఒరిగిపోయింది.

తర్వాతి గంట గురించి హాస్యమాడడం నాకు చేతకాదు. పిల్ల మళ్లీ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని సరిచేస్తోంది. ఇస్సాకు వ్యానులోంచి పరుపులు పీక్కొచ్చి దొరసాని తల కింద వేశాడు. నూకరాజు దాని చెవిలో ఏదో గొణుగుతూనే ఉన్నాడు. "ఇంకో చెయ్యి కావాలి! సన్నటి చెయ్యి!" అని డాక్టరమ్మ అరిచింది. కిటికీ అవతల అరటిపండు కింద పడింది. వనజాక్షి పమిట నడుముకి దోపుకుని పరిగెత్తుకొచ్చింది. సీలు వేసే చేత్తోనే పిల్ల గిట్టలు రెండూ పట్టుకుని లాగింది.

జారిపడింది. ఆడపిల్ల. తుమ్మింది. పావుగంటలో నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకి పెట్టి నిలబడి, మళ్లీ పడి, మళ్లీ నిలబడింది. నూకరాజు ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. సూది వేసింది. గడియారం చూసుకుంటూ రెండు గంటలు ఆగింది. మళ్లీ వేసింది. లేచి, లక్ష్మీపతిగారి ముందు నిలబడింది.

"మాయ పడలేదండీ."

"పడకూడదు. మాయలో నెవ్వరును పడకూడదు" అన్నారు లక్ష్మీపతిగారు గంభీరంగా. "మీరా డెబ్భై గుర్రములను మాయయని అంటిరేని నేనొప్పుకొనను. అవి రికార్డులో నున్నవి."

"అయ్యో, గుర్రం మాయండీ! పిల్లతోబాటు బయటికి రావాల్సిన మాయ! లోపల ఉండిపోయింది. ఆవులాగా రెండు రోజులు ఆగడానికి లేదు. ఇది గుర్రం, సాయంత్రంలోగా పెద్దాసుపత్రికి చేరకపోతే తల్లి దక్కదు!"

ఆయనకి మాట చెవిన పడింది గానీ దృష్టి పిల్ల మీద పడింది. వేలు చూపించి లెక్కపెట్టారు. వ్యాను డెబ్భై, దొరసాని ఒకటి, ఇది ఒకటి.

"డెబ్భై రెండు! దరఖాస్తులో డెబ్భై ఒకటియే కదా! ఈ గుర్రము ఎచటి నుండి వచ్చినది?"

"దాని కడుపులోంచండి" అన్నాడు నూకరాజు అయోమయంగా.

"ఎంతకాలముగా నున్నది అందులో?"

"పదకొండు నెల్లండి."

"అనగా!" లక్ష్మీపతిగారి గొంతు ఆవరణ దాటింది. "ఒక గుర్రము మరియొక గుర్రమును పదకొండు మాసములుగా, చీటీ లేక, ధర చెల్లించక, రవాణా చేయుచున్నది! ఇది గుర్రము కాదు. అనుమతి లేని అశ్వ రవాణా వాహనము!"

నూకరాజు నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. వనజాక్షి అతని కాలు గట్టిగా తొక్కింది.

"ఒప్పేసుకోండి" అంది పెదవి కదపకుండా.

"ఏటమ్మా?"

"నేరం ఒప్పేసుకోండి. జప్తు చేస్తారు. జప్తయిన వాహనాన్ని ఆ రోజే సామర్థ్య పరీక్షకి పంపాలి, కమిషన్ ఖర్చుతో. మీ వాహనానికి ఇంజను లేదు. మెకానిక్కు దగ్గరికి పంపరు. ఎక్కడికి పంపుతారు?"

నూకరాజుకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి, వీధి చివరిదాకా వినబడేలా గోల పెట్టాడు.

"తప్పయిపోయిందండి! మోసిందండి! పదకొండు నెల్లూ మోసిందండి! రాత్రనక పగలనక మోసిందండి! ఒక్క రూపాయి కట్టలేదండి! తీసుకుపొండి, ఇప్పుడే తీసుకుపొండి!"

అధ్యక్షులవారు జప్తు పత్రం తెప్పించారు. వనజాక్షి అడుగుతుంటే ఇస్సాకు జవాబులు చెప్పాడు.

"వాహనం రకం?"

"నాలుక్కాళ్లు. చక్రాల్లేవు."

"ఇంధనం?"

"ఉలవలు."

"పొగ?"

"ఎనకనించండి. అప్పుడప్పుడు."

"సరకును వాహనము నుండి వేరుచేయుడు" అన్నారు లక్ష్మీపతిగారు.

పిల్ల అప్పటికే తల్లి పొదుగు వెతుక్కుని నోటితో పట్టేసింది. ఇస్సాకు చేతులు కట్టుకున్నాడు. "సరకింకా పూర్తిగా దిగలేదండి. చూడండి, పైపు పట్టుకునుంది."

ఆయన వంగి చూసి ఒప్పుకున్నారు. మరి జ్వరమొచ్చిన డెబ్భై గుర్రాల వ్యానులో ఎలా పంపుతారని ఎవరైనా అడగవచ్చు. నియమావళి ఆఖరి పేజీలో సమాధానముంది: కమిషన్ సొత్తును కమిషనే తరలించునపుడు పై నియమములేవియు వర్తించవు. ఏ సంస్థ పుస్తకం తిరగేసినా ఆఖరి నియమం ఇదే.

మధ్యాహ్నం రెండింటికి వ్యాను గేటు దాటింది. డీజిలుకి కమిషన్ డబ్బులిచ్చింది. ఇస్సాకు జీవితంలో మొదటిసారి గడ్డం గోక్కోకుండా బండి నడిపాడు. పొద్దు వాలుతుండగా నూకరాజు ఫోను చేశాడు.

"మేస్టారూ, మాయ పడిందండి! దొరసాని లేచి నిలబడిందండి. కుడితి తాగుతోంది."

పది రోజులకి ఆసుపత్రివారు పత్రమిచ్చారు. కమిషన్ విడుదల ఉత్తర్వు పంపింది: వాహనము పరీక్షలో నెగ్గినది, సరకుతో సహా యజమానికి అక్కడికక్కడే అప్పగించడమైనది. 'అక్కడికక్కడే' అంటే ఇంటికి తేవడం మా నెత్తినే. పరుగున వనజాక్షి దగ్గరికి వెళ్లాను.

"ఇంటికి రావడం కొత్త ప్రయాణం కదండీ మేస్టారూ" అంది ఆమె కాగితం చూడకుండానే. "కొత్త దరఖాస్తు పెట్టాలి. డెబ్భై, తల్లి, పిల్ల. డెబ్భై రెండు. లక్షా ఎనిమిది వేలు."

"పది రోజుల పిల్ల నూట యాభై కిలోమీటర్లు నడుస్తుందా అమ్మా?"

"నడవదు. అయినా ఇక్కడ నడవనివే కదండీ నడిచేది."

నూకరాజుకి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అటు పక్క గుర్రప్పిల్ల చప్పరిస్తున్న చప్పుడు వినబడింది. మెల్లిగా అడిగాడు.

"మేస్టారూ, జప్తు చేసిన బండిని ఎక్కడికి తోల్తారండి?"

"పరీక్ష ఎలాగూ నెగ్గింది కనక, ఫైలు ఎక్కడుంటే అక్కడికి."

"మన ఫైలెక్కడుందండి?"

"ఇక్కడే. మనకి రెండు వీధుల అవతల. ఎందుకూ?"

"ఏం లేదండి. ఈ ఆసుపత్రి ఎదర అ.ర.క. వోళ్ల తనికీ గేటొకటుంది" అని పెట్టేశాడు.

తర్వాత జరిగింది నేను చూడలేదు, అతను చెప్పిందే. ఆసుపత్రిలో కాపరులిద్దర్ని బతిమాలి, పిల్లని దుప్పట్లో చుట్టి దొరసాని వీపు మీద అడ్డంగా కూర్చోబెట్టాడట. అది కిక్కురుమనలేదట. కళ్లెం పట్టుకుని, నడిరోడ్డు మీద, తనిఖీ గేటు ముందు అటూ ఇటూ మూడుసార్లు ఊరేగించాడట. గేటువాడు పేపరు చదువుకుంటూ తలెత్తలేదట. నాలుగోసారి నూకరాజే వెళ్లి గేటు మీద కొట్టాడట.

"బాబూ, చూడండి, గుర్రం మీద గుర్రాన్ని ఎక్కించానండి. చీటీ లేదండి!"

"పోనీలే పెద్దాయనా, చిన్నపిల్ల. వెళ్లిపో" అన్నాడట వాడు.

"అలాగనకండి బాబూ! రూలు రూలేనండి! మీకు పుణ్యముంటది, రాసుకోండి!"

గంటసేపు కాళ్లావేళ్లా పడ్డాడట. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే ఫోను మోగింది. వెనకాల లారీ ఇంజను రొద, దాని మీదుగా ఒక సన్నని సకిలింపు, వాటన్నిటి మీదుగా నూకరాజు గొంతు.

"మేస్టారూ! పట్టుకున్నారండీ! ముగ్గురం ఇంటికొచ్చేత్తన్నాం!"